గంట గది సందు

మొన్న చర్చికి సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రీ నిచ్చెన సగం దాకా ఎక్కి, గంట గది గోడలో ఉన్న చీలిక దగ్గర ఆగాడు. "అక్కా, ఈ సందు మూసెయ్యాల్నా?" అని పైనుంచి అరిచాడు. అడగడం మర్యాదకే, చేతిలో తాపీ, తాపీ మీద సిమెంటు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

"దాని జోలికి పోయినవంటే నిచ్చెన గుంజేస్త" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, కాంపౌండులో మేస్తున్న కోళ్లు చెదిరిపోయాయి.

సారు ఉంటే అలా కసిరేవారు కాదు. "జర ఆగు బిడ్డా, చూసినంక చెప్త" అనేవారు. ఆ మాట ఆయన అననిచోటు లేదు. పోయిన వానకాలంలో ఆయన పోయారు. చేవెళ్ల వెళ్లి, మట్టి వేసి వచ్చాను. అప్పుడు రాని ఏడుపు మొన్న ఆ తాపీ చూస్తే వచ్చింది.

ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై చేవెళ్లలో ఉండేవారు. నేను మొయినాబాద్‌లో బడి టీచర్ని. మా ఊరి రాతి చర్చి కమిటీలో ఉన్న ఒక్కగానొక్క ఆడమనిషిని కూడా, కాబట్టి ఊడ్పించడం, కడిగించడం, సున్నం కొట్టించడం నా వంతు. మా ఇద్దరికీ స్నేహం కలిపింది గబ్బిలాలు. చెప్పుకోవడానికి అంత బాగుండదు గానీ నిజం అదే.

సారును తలుచుకుంటే ముందు హెల్మెటే కనబడుతుంది. పాత స్కూటర్ మీద వచ్చేవారు, దిగేవారు, హెల్మెట్ మాత్రం తీసేవారు కాదు. దాని ముందరి అద్దం పైకెత్తి టీ తాగేవారు. దానితోనే పాస్టరుగారికి నమస్కారం పెట్టేవారు. ఒకసారి అడిగేశాను, ఇంకా ఎందుకు సార్ అని. "పైన కాపురమున్నోళ్ల కింద కూసున్నం గదమ్మా" అన్నారు, గంట గది వైపు చూపించి. చర్చి లోపలికి వచ్చేటప్పుడు మాత్రం తీసి చంకలో పెట్టుకునేవారు.

మెడలో దారంతో ఒక భూతద్దం వేలాడేది. దానికి ఎదురుపడిన వస్తువు తప్పించుకునేది కాదు. శంకర్‌పల్లి మార్కెట్లో ఒకసారి ఆయనతో కూరగాయలకు వెళ్లి తప్పుచేశాను. చిక్కుడుకాయలు అమ్మే ఆమె గంప ముందు కూర్చుని ఒక్కొక్కటే తీసి, తిప్పి, అద్దం పెట్టి చూడటం మొదలుపెట్టారు. "ఇవన్ని ఒకటే అని అమ్ముతున్నవు. ఒకటి గాదమ్మా, రెండు రకాలున్నయి" అన్నారు. ఆమె కొంగు బిగించి, "కొనెటట్లుంటే కొను సారూ. పెండ్లిచూపులకొచ్చినట్టు చూడకు" అంది. సారు పగలబడి నవ్వారు. కొన్నారు కూడా, రెండు రకాలూ వేరువేరు సంచుల్లో.

ఆయన ముందు 'మామూలు' అనే మాట అనకూడదు. మామూలు పిట్ట, మామూలు పురుగు, మామూలు గడ్డి అంటే చాలు, "మామూలు అనేది పేరు గాదు" అనేవారు. మనం చూడటం మానేసినప్పుడు వాడే మాటట అది. నాకు ఒళ్లు మండేది. బడిలో అరవై మందిని చూసి వచ్చిన మనిషికి సాయంత్రం గడ్డిని కూడా చూడమంటే ఎట్లా?

వాళ్లావిడ దగ్గర దీనికి మంచి జవాబుండేది. మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు జొన్నరొట్టె పెడుతూ, "పెండ్లై ఇన్నేండ్లాయె. నేను ఏ జాతిదాన్నో ఇంక తేల్చలే. నన్ను పరిశీలనలనే పెట్టిండు" అంది. సారు రొట్టె తుంచుతూ, "తొందరేమున్నది" అన్నారు.

అసలు ఆయన మా ఊరికి రావడానికి కారణం నా చీర. ఈస్టరు ఆరాధనకు తెల్లచీర కట్టుకుని, వాకిలి దాటుతుండగా, పైనుంచి నల్లటి రెట్ట భుజం మీద పడింది. మా చర్చి వాకిలి మీద చిన్న గది ఉంది. ఒకప్పుడు గంట అందులోనే ఉండేది. దూలం పుచ్చాక గంటను దించి కాంపౌండులో కట్టారు. ఖాళీ గదిలో గబ్బిలాలు చేరాయి. గది నేలపలకలు కొన్ని ఊడిపోవడంతో రెట్టంతా వాకిట్లోకే రాలేది. ఆ రోజే కమిటీలో కూర్చుని తీర్మానం చేయించాను, గోడలో సందు మూసేయాలని. ఎవరూ కాదనలేదు.

సిమెంటు కలుపుతుంటే స్కూటర్ వచ్చి ఆగింది. ఊళ్లోని పాత శిష్యుడెవరో ఫోన్ చేశాడట. హెల్మెట్ మనిషి పరుగులాంటి నడకతో వచ్చి, "జర ఆగుండ్రి. లోపల తల్లులుంటయి, కడుపుతోని ఉన్న రోజులివి. మూస్తే పిల్లలతోని సహా లోపల్నే పోతయి" అన్నారు. పిల్లల మాట ఎత్తేసరికి మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. నేను మాత్రం నా భుజం వైపు చూసుకున్నాను.

సాయంత్రం దాకా ఉండి, సందు ముందు సన్నటి వల కట్టి ఒకదాన్ని పట్టారు. ఫారెస్టు వాళ్ల అనుమతి కాగితం జేబులో పెట్టుకుని తిరిగేవారు. టీకాలు వేయించుకున్న మనిషి, చేతికి తోలు తొడుగు. ఆ చేతిలో ఉన్నది నా బొటనవేలి కంటే కాస్త పెద్దది. ముక్కు మీద తోలు ఆకులాగా పరుచుకుని ఉంది. నిజం చెప్పాలంటే ముద్దుగానే ఉంది, ఆ సంగతి నేను అప్పుడు పైకి అనలేదు.

సారు రెక్క విప్పి ముంజేయి ఎముక కొలిచారు. ముక్కు దగ్గర అద్దం పెట్టారు.

"టీచరమ్మా, నా కండ్లు మసకయినయి. జర నువ్వు చూడు. ముక్కు పక్కన తోలు మడత గిట్ల ఏమన్న ఉన్నదా?"

చూశాను. "ఉన్నది సార్. సన్నగ."

"ఒకటా, రెండా?"

అది తల విదిలించింది. ఫోన్‌తో తీసిన ఫొటో అలుక్కుపోయింది. దాన్ని ఎక్కువసేపు పట్టుకోకూడదని వెంటనే వదిలేశారు.

తర్వాత అరుగు మీద కూర్చుని మాకు అర్థమయ్యేలా చెప్పారు. మన వైపు పాత కోటల్లో, బావుల్లో ఇలాంటి ఆకుముక్కు గబ్బిలాలు బాగానే ఉంటాయట. వాటికి ముక్కు పక్కన మడతలుండవు. మడతలున్నది వేరే జాతి. దాన్ని చూసినవాళ్లు చాలా తక్కువ. పుస్తకంలో దాని గురించి రాసింది నాలుగైదు వాక్యాలే. ఎక్కడెక్కడ ఉందో, ఎన్ని ఉన్నాయో ఎవరికీ సరిగా తెలియదు.

మా కమిటీ పెద్ద, బస్సు నడిపి రిటైరైన మనిషి, ఏ మాటైనా టైముకు తెమలాలనే రకం. "అయితే పేరేందో చెప్పుండ్రి సార్. పేరు చెప్తే ఆలోచిస్తం" అన్నాడు.

"చూసినంక చెప్త."

"ఎన్నటికి?"

"కోత పండుగకు."

కోత పండుగ అంటే మా చర్చిలో పెద్ద సంబరం. ఎవరి పొలంలో మొదట పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వరికంకులు, గుమ్మడికాయలు, పూలు, కోళ్లు. ఆరాధన అయ్యాక కాంపౌండులో వేలం పాడతారు. ఊరు ఊరంతా ఉంటుంది. అంతమంది ముందు పేరు చెబుతానని సారు మాట ఇచ్చారు. అప్పటిదాకా సందు మూయకూడదు. చెప్పలేకపోతే మర్నాడే మూసేస్తామని పెద్దాయన కూడా మాట తీసుకున్నాడు.

ఇక ఆ కొన్ని నెలలు మా ఊరి గొప్పలు వినాలి. ప్రపంచంలో ఎక్కడా లేని గబ్బిలం మా చర్చిలో ఉందని పెద్దాయనే పెండ్లిళ్లలో చెప్పుకుని తిరిగాడు. మోకిల వైపు కొత్త ఇళ్లవాళ్లు కార్లలో వచ్చి, కెమెరాలు పైకెత్తి, ఏమీ కనబడక, సెల్ఫీ దిగి పోయేవారు. నాకు కూడా ఎక్కడో గర్వం మొదలైంది. ఆ మడత చూసింది నేనే కదా!

సారు మాత్రం ఎవరు అడిగినా "చూద్దాం" అనేవారు. పిల్లలు ఎగరడం నేర్చేదాకా వల కట్టలేదు. తర్వాత అప్పుడొకటి ఇప్పుడొకటి పట్టి, రెక్క అంచున ఆవగింజంత తోలు తీసి, సిటీలో ల్యాబులో పనిచేసే స్నేహితుడికి పంపారు. ఆ గాయం తొందరగానే పూడుకుంటుందట. నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను.

కోత పండుగకు ముందు చేవెళ్ల వెళ్లాను. సారు నన్ను చూడగానే కుర్చీ చూపించారు. వాళ్లావిడ ఆ రోజు వేళాకోళం ఆడలేదు.

"అన్ని ఒక్కటేనమ్మా" అన్నారు సారు. "పంపినయన్ని అందరికి తెలిసిన జాతే."

"మడత నేను చూసిన సార్."

"నువ్వు చూసింది నిజమే. ఏదన్న గాయం మానిన మచ్చ అయ్యుంటది. దాన్ని మడత అనుకున్నది నేను."

నాకు కోపం వచ్చింది. ఆయన మీదో, గబ్బిలాల మీదో తెలియదు. అంతకంటే ఎక్కువ భయం వేసింది. ఊరంతా చేరిన చోట ఈ పెద్దమనిషి లేచి ఈ మాట చెబితే నవ్వరా? మర్నాడు సిమెంటు కలపరా? "ఇంక పరీక్షలు నడుస్తున్నయని చెప్పుండ్రి సార్. ఎవరికి తెలుస్తది?" అన్నాను.

ఆయన భూతద్దాన్ని పంచె అంచుతో తుడుచుకుంటూ, "ఇయ్యాల లేని పేరు పెడ్తే, రేపు ఉన్న పేరు చెప్పినా ఎవరు నమ్మరు బిడ్డా" అన్నారు.

పండుగ నాడు వేలానికి ముందు పెద్దాయన మైకు ఆయన చేతికిచ్చాడు. సారు హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

"గడువు అడిగిన, ఇచ్చిండ్రు. పేరు చెప్త అన్న, చెప్తున్న. మీ గుడిల ఉన్నది అరుదైనది గాదు. మన దిక్కు శానా చోట్ల ఉన్నదే. నేను తొందరపడి మీకు ఆశ పెట్టిన. తప్పు నాది."

మేం చర్చిని గుడి అనే అంటాం, ఆయన మా మాటనే వాడారు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన మొహం మాడిపోయింది. ఎన్ని పెండ్లిళ్లలో చెప్పుకున్నాడో పాపం. సారు మైకు ఎవరికివ్వాలో తెలియక దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఆ నిలబడటం నేను చూడలేకపోయాను.

లేచాను. "పెద్దన్నా, పేరు చెప్తే ఆలోచిస్తం అన్నవు. గొప్ప పేరు చెప్తే అని అనలే. సారు చెప్పిండు. ఇగ ఆలోచించు" అన్నాను. "పాడైన చీర నాది. నాకే లేని పట్టింపు మీకెందుకు? పేరున్నోళ్లే ఉండాల్నంటే ఈ కాంపౌండుల మనమెంతమందిమి మిగుల్తం?"

ఈసారి నవ్వింది అందరూ. పెద్దాయన తల గోక్కున్నాడు. బస్సు నడిపిన మనిషి కదా, దారి మూసుకుపోతే పక్కదారి చూడటం అలవాటు. "సందు ఉండనీ. గదికి అడుగున రేకు కొట్టిద్దాం. రెట్ట రేకు మీద పడ్తది, టీచరమ్మ చీర బతుకుతది" అన్నాడు. అంతే, అయిపోయింది. వేలం మొదలైంది. సారు ఒక గుమ్మడికాయ పాడుకుని, దాన్ని స్కూటర్ ముందు నిలబెట్టుకుని వెళ్లిపోయారు.

రేకు కొట్టించాక ఒక కొత్త సంగతి తేలింది. దాని మీద పడ్డదాన్ని ఊడ్చి సంచికెత్తితే మంచి ఎరువు. తర్వాతి ఏడాది కోత పండుగలో ఆ సంచి కూడా వేలంలో పెట్టారు. సురంగల్ గులాబీ తోటాయన, కూరగాయల రైతు ఇద్దరూ పంతాలకు పోయి పాడారు. పాస్టరుగారు ఆశీర్వదించాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి చెయ్యెత్తారు.

పేరు తేలిపోయాక ఇక సారు రారనుకున్నాను. వచ్చేవారు. గబ్బిలాలు మనకు వినబడని స్వరంతో కూస్తాయి. దాన్ని వినబడేలా చేసే చిన్న పెట్టె ఆయన దగ్గర ఉండేది. పొద్దుగూకే వేళ దాన్ని ఒళ్లో పెట్టుకుని, హెల్మెట్‌తో, కాంపౌండులో కూర్చునేవారు. రేడియోకున్నట్టు దానికో బిరడా ఉంటుంది. ఒక్కో జాతి ఒక్కో స్వరం. బిరడా ఆ స్వరం దగ్గరుంటేనే ఆ జాతి వినబడుతుంది. సారు దాన్ని తిప్పేవారు కాదు. మన గబ్బిలాలది ఇదే స్వరం అని ఒక్కచోటే పెట్టి వినేవారు.

ఒక ఎండకాలం సాయంత్రం నేనూ పక్కన కూర్చున్నాను. గుంపంతా బయటికి వెళ్లిపోయింది, పెట్టె నిశ్శబ్దమైపోయింది. సారు సంచి సర్దుకుంటున్నారు. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. పెట్టె తీసుకుని, స్టేషన్ కోసం వెతికినట్టు బిరడా తిప్పుతున్నాను. ఒకచోట సన్నగా ఏదో పలికింది. దాటిపోయాను. వెనక్కి తిప్పితే మళ్లీ పలికింది.

"సార్, ఇదేంది?"

ఆయన చేయి సంచిలోనే ఆగిపోయింది. పెట్టె తీసుకుని, హెల్మెట్ అడ్డమొస్తుంటే దాన్ని తీసి నేల మీద పెట్టేసి, చెవికి ఆనించుకున్నారు. పండుగ నాడు తప్ప కాంపౌండులో ఆయన బట్టతల చూడటం నాకదే మొదటిసారి. పైనుంచి దాని మీద ఒక రెట్ట చుక్క పడింది. ఆయనకు తెలియనే లేదు.

"వేరే గొంతు" అన్నారు. "ఆఖరికి వస్తున్నయి. అన్ని పోయినంక. రెండో మూడో, గంతే."

"మరి ఇన్ని రోజులు?"

"నేను పేరు పెట్టేసిన గదమ్మా. అందుకే ఇనుడు బంజేసిన."

ఆయన కళ్లలో నీళ్లు నాకు కనబడ్డాయి, నావి ఆయనకు కనబడ్డాయో లేదో. ఒక గది కాబట్టి ఒకటే జాతి అనుకున్నాం. మొదటిరోజు వల కట్టేసరికి ఆలస్యమైంది, అందులో పడ్డది ఆఖరున వచ్చే ఆ కొద్దివాటిలో ఒకటి. తర్వాత పట్టినవన్నీ పెద్ద గుంపులోవి. నేను చూసిన మడత మడతే. మచ్చ కాదు!

పిల్లలు పెద్దవయ్యేదాకా ఆగి, ఆఖరుగా వచ్చేవాటి కోసం వల కట్టారు. దొరికినదాని ముక్కు నేనే చూశాను. రెండు మడతలు. రెండో వైపు కూడా రెండు. సారు మాత్రం "చూద్దాం" అన్నారు. తోలు మళ్లీ సిటీకి వెళ్లింది. కొలతలు, స్వరం, మడతలు అన్నీ పాత వివరాలతో పోల్చి చూసి, జవాబు వచ్చేసరికి చలి మొదలైంది. నేను బడిలో ఉండగా ఫోన్ చేశారు. లాటిన్ పేరు చెప్పారు. నాకు నోరు తిరగలేదు. "మళ్ల చెప్పుండ్రి సార్" అంటే మళ్లీ చెప్పారు. అడక్కుండానే ఇంకోసారి చెప్పారు.

ఆ ఏడాది కోత పండుగ మైకులో ఆయన ఎక్కువ మాట్లాడలేదు. గంట గదిలో రెండు జాతులున్నాయని, రెండోది నిజంగా అరుదైనదని, మడతను మచ్చ అనుకోవడం, ఒక గది అంటే ఒకటే జాతి అనుకోవడం, రెండూ తన తప్పులేనని చెప్పారు. చప్పట్లు ఆగాక పెద్దాయన నెమ్మదిగా, "అంటే సార్, ఆనాడు మీరు అరుదైనది గాదన్నప్పుడు మేం సందు మూసుంటే..." అని మధ్యలోనే ఆపేశాడు. సారు తల ఊపారు.

మొన్న మేస్త్రీ ఇదంతా నిచ్చెన దిగి, టీ తాగుతూ విన్నాడు.

"అయితే పైనున్నయన్ని గొప్పయేనా అక్కా?"

"కొన్నే. మిగతయి అంతట ఉండేటియే."

"ఏది ఏదో ఎట్ల తెలుస్తది మరి?"

"ఎగురుతుంటే తెల్వది. అందుకే సందు అన్నిటికి."

అతను గ్లాసు కడిగి పెట్టి, తాపీ మీద ఎండిపోతున్న సిమెంటు దులిపేసి, మళ్లీ నిచ్చెనెక్కాడు. సందు చుట్టూ జాగ్రత్తగా, అంచుల మీద పడకుండా సున్నం వేశాడు.

అతను వెళ్లాక కాంపౌండులో కూర్చున్నాను. పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. సారు పోయాక వాళ్లావిడ ఇచ్చింది. "నీకేమన్న వినబడితే నాకు ఫోన్ చెయ్యి" అని చెప్పింది. తెల్లటి కొత్త సున్నం మధ్య సందులోంచి గుంపు మొత్తం వెళ్లింది. బిరడా తిప్పి, కుర్చీ సర్దుకుని, ఊపిరి బిగబట్టి వింటున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ సన్నటి గొంతు పలికింది, దాని వెనకాలే ఇంకొకటి, ఇంకా చిన్నది, తడబడుతూ. ఇప్పుడిప్పుడే ఎగరడం నేర్చినది.

నేను చేవెళ్లకు ఫోన్ కలిపాను.